తొట్టిలో గడ్డి ఎవరు వేస్తారు? చిన్నపిల్లలున్న ఇంట్లో క్రిస్మస్ గురించి మీ ప్రశ్నలు, నా జవాబులు

అందరికీ వందనాలు. ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం పైన క్రిస్మస్ గురించే ఉన్నాయి, అందులోనూ ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలున్న అమ్మలు రాసినవే ఎక్కువ, అందుకని ఈసారి మిగతావి పక్కనపెట్టి ఇవే తీసుకున్నా. నేను ఇరవయ్యేళ్లకి పైగా సండే స్కూల్లో చిన్న క్లాసు చెప్తున్నా, ఇంట్లో మనవలు ముగ్గురు, ఆ తెలిసిందే చెప్తా. పేర్లు వెయ్యొద్దని చాలామంది రాశారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: అక్కా వందనాలు. మాకు నాలుగేళ్ల పాప, రెండేళ్ల బాబు. పోయినేడు క్రిస్మస్ అంతా పరుగులే. పండగకి ముందు పెట్టే సెమీ క్రిస్మస్‌లు మూడింటికి వెళ్లాం, కేరల్స్ వాళ్లు రాత్రి ఒంటిగంటకి వచ్చి డ్రమ్ము కొడితే బాబు జడుసుకుని తెల్లార్లూ ఏడ్చాడు, 24 రాత్రి ఆరాధనలో ఇద్దరూ నిద్రపోయారు, 25న నేను వంటింట్లోంచి బయటికే రాలేదు. అంతా అయ్యాక పాపని క్రిస్మస్ అంటే ఏంటి నాన్నా అనడిగితే "కేకు, గౌను" అంది. మా ఆయన నవ్వేశారు గానీ నాకు ఏడుపొచ్చింది. ఈసారి ఇంట్లోనే వాళ్లకి అర్థమయ్యేట్టు ఏం చెయ్యొచ్చు?
– ఒక అమ్మ, ఒంగోలు

జవాబు: తల్లీ, ముందు ఆ కేకు గౌను బాధ మనసులోంచి తీసెయ్. నాలుగేళ్ల పిల్లకి చేతికి తగిలింది, నోటికి తగిలిందే గుర్తుంటుంది, పోయినేడు దానికి అందినవి ఆ రెండే, ఉన్నమాటే చెప్పింది. ఈసారి దాని చేతికి ఇంకో పని ఇవ్వు, అంతే.

నేను మా మనవలతో చేయించేది చెప్తా. చెప్పుల డబ్బా ఒకటి తీసుకుని మూత పారేసి, బయట గోధుమరంగు కాగితం అంటించి దాన్ని తొట్టి అనుకుంటాం. డిసెంబరు 1 నుంచి రోజూ రాత్రి అన్నం తిన్నాక పిల్లలు అందులో ఒక్కొక్క గడ్డిపరక వేస్తారు. ఊరికే కాదు, ఆరోజు ఎవరికైనా చేసిన ఒక మంచిపని చెప్పి వెయ్యాలి, తమ్ముడికి బొమ్మ ఇచ్చా, నాన్నకి నీళ్లు తెచ్చా, అంత చిన్నదైనా సరే. బాల యేసు పడుకునే చోటు మెత్తగా ఉండాలి కదా, నువ్వు వెయ్యకపోతే గట్టిగా ఉంటుంది కదా అంటే పిల్లలు ఎంత సీరియస్‌గా వేస్తారో చూడు నువ్వే. గడ్డి ఎక్కడ దొరుకుతుందా అనుకోవద్దు, డిసెంబరంటే మనకి కోతలూ కుప్పలూ నడిచే కాలం, పాలుపోసే అతన్ని అడిగినా గుప్పెడు వరిగడ్డి తెచ్చిస్తాడు. మంచిపని ఏదీ లేదని పిల్ల మొహం చిన్నబుచ్చుకుంటే నువ్వే గుర్తుచెయ్యి, ఇవాళ నేను పిలవగానే వచ్చావు కదమ్మా అని. ఈ తొట్టి శిక్షకి వాడకు, అల్లరి చేశావు కాబట్టి పరక తీసేస్తా అన్నావంటే ఆ పిల్లకి ఇంక ఆ డబ్బా దగ్గరికే రాబుద్ధి కాదు.

ఇంకోటి, టౌన్ పిల్లలకి పశువుల తొట్టి అంటే తెలీదు, ఉయ్యాల లాంటిదనుకుంటారు. వీలైతే ఒక ఆదివారం గేదెలున్న ఇంటికి తీసుకెళ్లి గాడి చూపించు, తడి గడ్డి వాసన, పక్కనే పేడ, ఈగలు, గేదె మూతి పెట్టి నాకిన నున్నటి అంచు, అన్నీ చూడనీ. మా క్లాసు పిల్లల్ని అలా తీసుకెళ్తే ఒక బుడ్డోడు చాలాసేపు చూసి "మరి బాబుని ఇందులో పడుకోబెడితే గేదెకి ఆకలెయ్యదా టీచర్" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. పొత్తిగుడ్డలు, సత్రంలో స్థలం లేకపోవడం అన్నీ ఎన్నేళ్లుగానో చెప్తున్నా గానీ ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. పిల్లలకి కళ్లతో చూపిస్తే వాళ్లే మనకి చెప్తారు. పాక కట్టి బొమ్మలు పెట్టే ఆచారం కూడా అలా పుట్టిందే, 1223లో ఇటలీలో గ్రెచ్చో అనే చిన్న ఊళ్లో అస్సీసీ ఊరి సన్యాసి ఫ్రాన్సిస్ గారు నిజం ఎద్దునీ గాడిదనీ తెచ్చి తొట్టిలో గడ్డి పరిచి ఊరివాళ్లకి చూపించారు, ఆరోజు బెత్లెహేములో ఎలా ఉండిందో మామూలు జనం కళ్లారా చూడాలని.

మీ ఇంట్లో పాకకి కొన్న సెట్టు అక్కర్లేదు. బంకమన్ను తెచ్చివ్వు, గొర్రె కుక్కలా వచ్చినా పర్లేదు, దిద్దకు. 14నో 15నో ఒక వెడల్పు పళ్లెంలో తడిమట్టి పోసి నానబెట్టిన రాగులు చల్లించు, రోజూ చేత్తో నీళ్లు చిలకరిస్తే పండగనాటికి పచ్చటి పైరు లేస్తుంది, దాన్ని పాక ముందు పెడితే గొర్రెలకి మేత. నక్షత్రం చూసి కానుకలతో వచ్చిన జ్ఞానుల్ని మాత్రం మొదటిరోజే పాక దగ్గర పెట్టొద్దు. వాళ్లు చాలా దూరం నుంచి రావాలి కదా, ఫ్రిజ్ మీద నుంచి మొదలుపెట్టించు, రోజూ కాస్త జరుపుకుంటూ టీవీ దగ్గరికి, కిటికీ మీదికి, అలా జనవరి 6 నాటికి చేరనివ్వు. మత్తయి సువార్తలో వాళ్లు ఇంట్లోకి వచ్చి శిశువుని చూశారని ఉంటుంది, పాకలోకి అని ఉండదు, ముగ్గురు అని కూడా ఉండదు, కానుకలు మూడు, అంతే. పెద్ద పిల్లలు ఇది వింటే తెగ సంబరపడతారు.

స్టార్ కూడా నాన్న ఒక్కడే నిచ్చెనెక్కి కట్టేసి దిగిపోకుండా పిల్లతో చేయించండి. మా నాన్న వెదురు బద్దలు చీల్చి, రెండు నక్షత్రాలు కట్టి మధ్యలో పుల్లలు పెట్టి ఉబ్బెత్తుగా చేసి రంగుకాగితం అంటించేవాడు, మైదాపిండి జిగురు ఉడికించడం, కాగితానికి రాయడం నా పని, ఆ పుల్లటి జిగురు వాసన వస్తే ఇప్పటికీ నాకు డిసెంబరే. స్టార్ కట్టేటప్పుడు మీ ఒంగోలు పిల్లలకి ఒక కథ చెప్పాలి తల్లీ. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో ఏళ్ల తరబడి పెద్దగా ఎవరూ చేరకపోతే మూసేద్దామా అని 1853లో అమెరికాలో మీటింగు పెట్టుకున్నారు, అప్పుడు ఒకాయన మ్యాపులో ఒంటరిగా ఉన్న నెల్లూరు గుర్తుని చూపించి లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం, అన్నారట, ఆ పేరే మిషన్‌కి నిలిచిపోయింది. మూసెయ్యలేదు. ఆ తర్వాత మీ ఒంగోల్లో వేలమంది ఎలా చేరారో మీ అత్తగారినడిగినా చెప్తారు.

ఇక పరుగుల సంగతి. సెమీ క్రిస్మస్ ఒకదానికి వెళ్లు చాలు, మిగతావాళ్లకి చంటిపిల్లలున్నారని ఫోన్ చేసి చెప్పు, ఎవరూ ఏమనుకోరు. కేరల్స్‌కి వచ్చే యూత్ లీడర్‌ని ముందే అడుగు, బాబూ మా ఇంటికి మొదటే రండి, ఎనిమిది లోపు, డ్రమ్ము గేటు బయటే ఆపండి అని. మన గుడి పిల్లలే వాళ్లు, అడిగితే వింటారు, అడిగేవాళ్లు లేకే ఒంటిగంటకి వస్తున్నారు. రాత్రి ఆరాధనకి పిల్లలు ఆగలేకపోతే ఒక ఏడాది 25 పొద్దున్నే వెళ్లండి, పాస్టరు అయ్యగారు ఏమంటారో అని భయపడకు, పిల్లలు ఆరాధనలో మేలుకుని పాడితే ఆయనకే ఎక్కువ సంతోషం. ఇంట్లో రాత్రి ప్రార్థన మాత్రం పది నిమిషాలు దాటనివ్వద్దు. ఒక క్యాండిల్, ఒక పాట, కథలో ఒక ముక్క, అయ్యాక క్యాండిల్ ఆర్పే పని చిన్నోడిది, ఆ ఆర్పడం కోసమే రోజూ వచ్చి కూర్చుంటాడు చూడు. 25న వంటింటి సంగతి మీ ఆయనకి చెప్పు, బిర్యానీ బయట నుంచి తెప్పించినా క్రిస్మస్ క్రిస్మస్సే.

ప్రశ్న: ఆంటీ, మా బాబుకి ఏడేళ్లు. పోయిన డిసెంబర్లో స్కూల్లో వచ్చిన క్రిస్మస్ తాత బూట్లు చూసి అవి మా పీటీ సారువి అని గుర్తుపట్టేశాడు. ఇప్పుడు "అమ్మా నిజం చెప్పు, తాత ఉన్నాడా లేడా" అని వెంటపడుతున్నాడు. వాళ్ల నాన్న ఇంకో రెండేళ్లు చెప్పొద్దంటారు. ఏం చెయ్యమంటారు?
– హైదరాబాద్

జవాబు: కళ్లలోకి చూసి నిజం చెప్పు అనడిగితే నిజమే చెప్పాలమ్మా, నా అభిప్రాయం అదే. మీవారి బాధ నాకు అర్థమవుతుంది, కానీ బూట్లు గుర్తుపట్టిన పిల్లాడికి ఇంక అబద్ధం పనిచెయ్యదు, అమ్మ నా దగ్గర దాచింది అనేదే మిగులుతుంది.

చెప్పేటప్పుడు లేడు అని మొదలుపెట్టకుండా ఒకాయన ఉండేవాడు అని మొదలుపెట్టు. నికొలస్ అని నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊరికి బిషప్, అది ఇప్పటి టర్కీలో దక్షిణాన సముద్రం ఒడ్డున ఉంది. మంచు కాదు, జింకలబండీ కాదు, కాస్త మన కోస్తా లాంటి చోటే. ఆయన గురించి తరతరాలుగా చెప్పుకునే కథ ఏంటంటే, ఒక పేదాయనకి ముగ్గురు ఆడపిల్లలు, కట్నం ఇవ్వలేక వాళ్ల బతుకులు పాడయ్యే పరిస్థితి వస్తే నికొలస్ ఎవరికీ తెలియకుండా రాత్రిపూట వచ్చి కిటికీలోంచి బంగారు నాణేల మూట వేసి వెళ్లిపోయాడు, అలా మూడుసార్లు. కట్నం అంటే ఏంటో మన పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు, మా క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా ఆడపిల్లలు నిశ్శబ్దం అయిపోతారు. ఆయన పండగ డిసెంబరు 6న చేస్తారు, డచ్చివాళ్లు ఆయన్ని సింటర్‌క్లాస్ అంటారు, ఆ పేరే అమెరికా వెళ్లి శాంటాక్లాజ్ అయింది.

ఆ తర్వాత చెప్పు, నాన్నా నువ్వు పెద్దోడివయ్యావు కాబట్టి నీకు చెప్తున్నా, ఇప్పటిదాకా తాత నీకు తెచ్చేవాడు, ఇకనుంచి నువ్వే తాతవి, నికొలస్ గారిలా ఎవరికీ తెలియకుండా ఇవ్వాలి అని. ఎవరికివ్వాలో వాణ్ణే ఎంచుకోనీ. మా పెద్ద మనవడు వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారి అమ్మాయి చెప్పులు చూసి సైజు కొలవడానికి వారంరోజులు తిప్పలు పడ్డాడు, చివరికి తడికాలి ముద్ర ఆరిపోకముందే పరుగెత్తుకెళ్లి స్కేలు పెట్టి కొలిచాడు. 25 పొద్దున వాళ్ల తలుపు దగ్గర కొత్త చెప్పులు పెట్టేసి మెట్ల వెనక దాక్కుని చూశాడంట. మళ్లీ ఎవరితోనూ అనలేదు, ఆ అమ్మాయికి ఇప్పటికీ తెలీదు. ఒక్కటి గట్టిగా చెప్పు, చిన్నపిల్లల దగ్గర ఈ రహస్యం బయటపెట్టకూడదని, తాత జట్టులో ఉన్నవాళ్లు చెప్పుకోరని.

ప్రశ్న: నమస్తే అక్కా. మా ఆయన కేథలిక్, నేను హిందువుల అమ్మాయిని. మాకు ఆరేళ్ల బాబు. రెండు పండగలూ ఇంట్లో చేసుకుంటాం, మా మధ్య ఏ గొడవా లేదు. కానీ మా అమ్మ క్రిస్మస్‌కి రమ్మంటే "మీ పూజలు నాకు తెలీవు, ఎక్కడ నిలబడాలో కూడా తెలీదు" అని మొహమాటపడుతోంది. బాబు మాత్రం అమ్మమ్మ ఎందుకు రాదు అని అడుగుతున్నాడు.
– విజయవాడ

జవాబు: మీ అమ్మగారు సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెడతారా? పెట్టేవాళ్లయితే ఆమె చేతికి క్రిబ్, అదే పాక కట్టి బొమ్మలు పెట్టే పని, అప్పజెప్పు. నిజంగా చెప్తున్నా. మెట్లు ఎలా కట్టాలి, పాత చీర ఎలా పరవాలి, ఏ బొమ్మ ముందుండాలి ఏది వెనకుండాలి, ఆవాలతోటో మెంతులతోటో పచ్చిక ఎలా మొలిపించాలి, ఇవన్నీ ఆమెకి వచ్చినట్టు మనకెవరికీ రావు. అమ్మా, పండగకి రా అంటే అతిథిలా రావాలి, ఎక్కడ నిలబడాలో తెలీదు. అమ్మా, బొమ్మలు సర్దడం నాకు రావట్లేదు రెండురోజులు ముందు రా అంటే ఇంటి మనిషిలా వస్తుంది. అమ్మమ్మ పక్కన కూర్చుని మీవాడు బొమ్మలందిస్తూ ఇదెవరు అదెవరు అని ఆమెకే కథ చెప్తాడు, మరియమ్మ నిండుచూలాలుగా ఊరుకాని ఊరు వెళ్లింది, ఉండటానికి చోటివ్వలేదు అంటే ఆమెకి అర్థంకానిదేముంది అందులో. రాత్రి పూజకి రమ్మని బలవంతం చెయ్యకు, ఇంట్లో బాబుతో ఉంటానంటే ఉండనీ. భోజనాల్లో ఆమెకి విడిగా శాకాహారం వండు, వేరే గిన్నెల్లో, ఆమె అడగకముందే.

ప్రశ్న: అమ్మగారూ, పండక్కి చేసే గులాబీ పువ్వుల పిండివంట ఏటా పాడైపోతోంది, అచ్చుకి అంటుకుని రావడంలేదు. ఐదేళ్ల మా పాప కూడా చేస్తానని పొయ్యి దగ్గరికి వస్తోంది. కేకుకి నా దగ్గర ఓవెన్ లేదు.
– కాకినాడ

జవాబు: అచ్చు కొత్తదైతే ముందురోజు రాత్రంతా నూనెలో ముంచి ఉంచమ్మా. పిండికి ఒక కప్పు మైదా, అరకప్పు బియ్యప్పిండి, అరకప్పు పంచదార పొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, యాలకులు, నువ్వులు, కొబ్బరిపాలు పోసుకుంటూ దోసెల పిండిలా ఉండలు లేకుండా కలుపు. అచ్చుని కాగిన నూనెలో ఉంచి వేడెక్కాక తీసి, కారే నూనె దులిపి, పిండిలో ముప్పాతిక వంతే ముంచు. నీ తప్పు ఇక్కడే అయ్యుంటుంది, పిండి అచ్చు పైఅంచు దాటిందంటే పువ్వు అచ్చుని కరిచిపెట్టుకుని వదలదు. ముంచగానే సుయ్ మని చిన్న చప్పుడు రావాలి, రాకపోతే అచ్చు చల్లగా ఉన్నట్టు. నూనెలో పెట్టి కాసేపాగి చిన్నగా ఊపితే పువ్వు జారిపోతుంది, లేకపోతే పుల్లతో అంచు నెట్టు. ప్రతిసారీ అచ్చు మళ్లీ నూనెలో వేడెక్కాలి, అది మర్చిపోకు.

పాపని మూకుడు దగ్గరికి అస్సలు రానివ్వద్దు. దానికి గది అవతల బల్ల మీద పని పెట్టు, చల్లారిన పువ్వుల్ని పదేసి లెక్కపెట్టి డబ్బాలకెత్తడం, పక్కింటి వాళ్లకి ఇచ్చే పళ్లేలు సర్దడం. విరిగినవి లెక్కలోకి రావు అని చెప్పు, అవి దానివే. కేకుకి కుక్కర్ చాలు, గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి అడుగున ఇసకో రాళ్లుప్పో పోసి స్టాండు పెట్టి సన్నసెగ మీద. ఎండుపళ్లు రమ్ములో కాకుండా కమలారసంలో రెండురోజులు నానబెట్టు, పిల్లలున్న ఇంటికి అదే మేలు.

ప్రశ్న: 25న పిల్లల్ని మెదక్ చర్చి చూపించడానికి తీసుకెళ్దామనుకుంటున్నాం, ఆరేళ్లు, మూడేళ్లు. వెళ్లొచ్చా?
– సిద్దిపేట నుంచి ఒక నాన్న

జవాబు: తప్పకుండా చూపించండి బాబూ, కానీ 25న వద్దు. ఆరోజు తెల్లవారుజాము ఆరాధన నుంచే జనం తోసుకుంటూ ఉంటారు, మూడేళ్ల పిల్లకి మనుషుల కాళ్లు తప్ప ఏమీ కనపడదు. సెలవుల్లోనే ఇంకో మామూలు రోజు, ఎండ బాగా ఉన్నప్పుడు వెళ్లండి. ఎందుకంటే అక్కడి రంగుటద్దాల కిటికీలు వెలుతురుంటేనే బతుకుతాయి, సూర్యుడు బయట ఉంటే లోపల యేసు పుట్టుక, శిలువ, ఆరోహణం మూడూ వెలిగిపోతాయి, చీకటిపడితే ఏమీ కనపడదు. పిల్లల్ని పుట్టుక కిటికీ ముందు కూర్చోబెట్టి తొట్టి ఎక్కడుందో వెతకమనండి, మీరేమీ చెప్పక్కర్లేదు. పెద్దోడికైతే ఈ గుడి కథ చెప్పండి, కరువులో జనం తిండిలేక అల్లాడుతుంటే మిషనరీ పోస్నెట్ దొరగారు ఊరికే పెట్టడం కాకుండా పని చూపించి కూలీ ఇచ్చి కట్టించారని, పదేళ్లు పట్టిందని, గోపురం ఎత్తు 175 అడుగులని, తెరిచింది 1924 డిసెంబరు 25నే అని. మన తాతలు రాళ్లు మోసి అన్నం తిన్న గుడి అది.

ప్రశ్న: తొమ్మిది నెలల బాబు, పాకుతున్నాడు. ట్రీ పెట్టొచ్చా?
– విశాఖపట్నం

జవాబు: పెట్టు, నేలమీద కాదు. సరుగుడు కొమ్మ చిన్నది తెచ్చి ఇసక డబ్బాలో గుచ్చి బీరువా మీదో ఎత్తు బల్లమీదో పెట్టు, బల్లమీద గుడ్డ వేలాడకూడదు, లాగేస్తాడు. సీరియల్ లైట్లు నిద్రపోయేముందు ప్లగ్ తీసెయ్యాలి. గాజు బంతులు వద్దు, గుడ్డతో కాగితంతో చేసినవి చాలు.

అన్నిటికంటే ముఖ్యం, పాటలు పాడే బొమ్మలు, వెలిగే చిన్న క్యాండిళ్లలో ఉండే బిళ్ల బ్యాటరీలు. ఇది ఎంతమందికి చెప్పినా నాకు తృప్తి ఉండదు. అది మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలడం మొదలవుతుంది, పైకి ఏమీ కనపడదు. స్క్రూ లేకుండా ఊడొచ్చే మూత ఉన్న బొమ్మ ఏదైనా ఇవాళే తీసి పారెయ్. మింగాడేమో అని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా, రేపు చూద్దాం అనుకోకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. పగిలిన బెలూన్ ముక్కలు కూడా వెంటనే ఏరెయ్. పల్లీలు, జీడిపప్పులు పెట్టే చుట్టాలుంటారు, మొహమాటపడకుండా చేతిలోంచి తీసెయ్, కేకులో అయినా అంతే. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు.

ప్రశ్న: అక్కా, నేను కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తున్నా. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. వచ్చి రెండేళ్లయింది. ఎనిమిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప మా అమ్మ దగ్గర ఉన్నారు. బాబు మాట్లాడతాడు గానీ పాప ఫోన్ ఇస్తే పారిపోతోంది. ఈ క్రిస్మస్‌కి కూడా సెలవివ్వరు. బొమ్మలు, బట్టలు కార్టన్‌లో పంపా. ఇంకేం చెయ్యగలను ఇక్కడినుంచి?
– ఒక తల్లి

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. పాప పారిపోతుందని అది నిన్ను మర్చిపోయిందనుకోవద్దు. ఐదేళ్ల పిల్లకి రెండేళ్లంటే బతుకులో సగానికి దగ్గర, ఫోన్లో అమ్మ బాగున్నావా తిన్నావా అనడిగితే ఆ తర్వాత ఏం మాట్లాడాలో దానికి తెలీదు. అందుకని మాట్లాడించకు, ఏదైనా కలిసి చెయ్యి.

నీ ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టడం వచ్చుగా, డిసెంబరు 1 నుంచి రోజుకొకటి, నిమిషం చాలు. క్రిస్మస్ కథని చిన్నచిన్న ముక్కలు చెయ్యి, ఇవాళ దేవదూత వచ్చాడు, రేపు మరియమ్మ కొండలు దాటి ఎలీసబెత్తు ఇంటికి బయల్దేరింది, ఇలా. నీ గొంతుతో, మీ ఊరి మాటల్లో, చదివినట్టు కాకుండా. పైన ఒంగోలు అమ్మాయికి చెప్పిన తొట్టి ఉంది కదా, అది మీ అమ్మ ఇంట్లో పెట్టించు, మీది కోనసీమ, గడ్డికి కొదవ లేదు. రోజూ రాత్రి పాప మెసేజ్ నొక్కి వినాలి, విని పరక వెయ్యాలి. తిరిగి మాట్లాడమని ఎవరూ బలవంతం చెయ్యకూడదు, మీ అమ్మకి ఇది గట్టిగా చెప్పు, అమ్మతో మాట్లాడవే అని వీపు మీద నెట్టడం మానెయ్యమను. కొన్నాళ్లకి అదే అడుగుతుంది, తర్వాతేమైంది అని. అడిగినరోజు వెంటనే జవాబు చెప్పకు, రేపు చెప్తా అను. బాబు సంగతి కూడా మరువకు, వాడు మాట్లాడుతున్నాడు కాబట్టి బాగున్నాడనుకుంటాం, వాడికి స్టార్ కట్టే బాధ్యత ఇచ్చి కట్టాక వీడియో పెట్టమను, స్టార్ ఎలా ఉందో వివరంగా చెప్పు, ఏ మూల కాగితం ఊడిందో కూడా.

పంపిన కార్టన్ సంగతి, అందులో నువ్వు వాడిన చున్నీ ఏదైనా ఒకటి ఉందా? లేకపోతే ఎవరైనా వస్తుంటే ఉతక్కుండా పంపు. బాల యేసు బొమ్మకి పొత్తిగుడ్డ దాంట్లోంచి చింపి చుట్టమను పాపని.

కువైట్‌లో 25 సెలవు కాదు, మీ ఆరాధనలు కూడా ఎక్కువగా శుక్రవారమే పెట్టుకుంటారు, ఆరోజు నీకు ఎలా ఉంటుందో నేను ఊహించగలను. అందుకే 24 రాత్రి కోసం ఇప్పట్నుంచే మీ మేడమ్‌ని ఒక్క పది నిమిషాలు అడిగిపెట్టుకో, నా పిల్లలతో ప్రార్థన చేసుకోవాలి అని చెప్పు, అడగడానికి సిగ్గుపడకు. మన గుడిలో 12 గంటలకి గంట మోగేసరికి నీకక్కడ రాత్రి 9:30 అవుతుంది, ఆ టైముకి గిన్నెల పని ఉంటుందనుకుంటే ఇంకో గంట ముందే పెట్టుకోండి, పిల్లలకి గంట ఎప్పుడు మోగితే ఏముంది. ఆ టైముకి నీకు కుదరదని ముందే తెలిస్తే వీడియో తీసి పంపెయ్. అప్పటిదాకా గడ్డి నిండిన తొట్టి అలా ఖాళీగానే ఉండాలి, బొమ్మని మీ అమ్మ బీరువాలో దాచాలి. నువ్వు ఫోన్లోకి వచ్చాక పాప దాన్ని తెచ్చి నీకు చూపించి, నీ చున్నీ గుడ్డ సర్ది, తొట్టిలో పడుకోబెడుతుంది. మాట్లాడకపోయినా పర్లేదు, పడుకోబెట్టనీ.